ఆరు దేశాల ఆవకాయ

పొద్దున్న ఆరింటికి సౌదీ వంతెన దాటడానికి బయల్దేరిన ఆవకాయ బండి మధ్యాహ్నం ఒంటిగంట కాకుండానే బహ్రెయిన్‌లోని తుబ్లీలో వర్క్‌షాపు గుమ్మం ముందుకొచ్చి ఆగింది. ఎక్కించిన పెట్టెలు ఎక్కించినట్టే ఉన్నాయి. వంతెన మీద తనిఖీవాళ్లు ఒకే ఒక్క సీసాకి మూత తీసి, మళ్లీ బిగించి, పైన ఎర్ర స్టిక్కరు అంటించి పంపారు.

డ్రైవర్ యాదగిరి కిందికి దిగి మెడలో తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"వాపస్ పంపిండ్రు మేడం."

"ఎందుకని?" అంది లక్ష్మిప్రసన్న.

"ఉప్పు ఎక్కువున్నదట. నూటికి తొమ్మిది దాటొద్దట, మనది పదమూడట. గీ కాయితమిచ్చిండ్రు, సూడుండ్రి. పదేండ్ల సంది గదే బ్రిడ్జి మీద పోతున్న. టైర్లు సూసేటోళ్లు, నా మొఖం సూసేటోళ్లు. ఉప్పు సూసుడు ఇయ్యాలనే మొదలు."

లక్ష్మిప్రసన్న కాగితం చదివింది. మళ్లీ చదివింది. ఆ పచ్చళ్ల వర్క్‌షాపులో నాణ్యత చూసే మనిషి ఆవిడే. పద్నాలుగేళ్లుగా ఆవిడ సంతకం లేకుండా ఒక్క సీసా బయటికి పోలేదు. ఉప్పు మీద కొత్త రూలు వచ్చిందని ఆవిడకి తెలుసు. కానీ పాత సరుకుకి ఆర్నెల్లు గడువు ఉందని కదా తమ్ముడిలా చూసుకునే హరి చెప్పాడు! కాగితంలో గడువు ఊసే లేదు. జూన్ ఒకటి నుంచి ఆరు దేశాల్లోనూ అమలు అని అచ్చులో ఉంది.

ఈ ఆరు దేశాల సంగతి ఒక ముక్క చెప్పుకోవాలి. గల్ఫ్‌లో ఆరు దేశాలు కలిసి ఒక కూటమి కట్టుకున్నాయి. ఎవరి జెండా వాళ్లది, ఎవరి పోలీసులు వాళ్లకున్నారు. కానీ సీసాలో ఏముండాలి, డబ్బా మీద ఏం రాయాలి లాంటి సంగతులు వచ్చేసరికి అందరూ ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక్క మాట అనుకుంటారు. ఆ మాటని పట్టుకెళ్లి ఎవరి దేశంలో వాళ్లు చట్టం చేసుకుంటారు. మంచి జరిగితే మేమే సాధించామనడానికి ప్రతివాళ్లూ ముందుంటారు. చెడితే కూటమి నిర్ణయం, మా చేతిలో ఏముందంటారు. కూటమిని అడగబోతే, మీవాళ్లే కదా సంతకం పెట్టింది అంటుంది. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకి ఇదేం వింత కాదు. కూర మాడిన రోజున వంటింట్లో ఎవరూ ఉండరు.

వర్క్‌షాపు యజమాని అబూ ఖలీల్ సాయంత్రం వచ్చాడు. మంచి మనిషే. పద్నాలుగేళ్ల కిందట తన చెల్లెలింట్లో పనిచేసే తెలుగావిడ పెట్టిన ఆవకాయ తిని, కళ్లమ్మట నీళ్లు కార్చుకుని, రెండోసారి అడిగి వేయించుకుని, ఈ వర్క్‌షాపు పెట్టాడు. ఆ తెలుగావిడే లోవమ్మ. తుని దగ్గరి మనిషి. ఇప్పుడు యాభై ఆరేళ్లు. ఆవిడ చెయ్యి తిరిగితేనే ఇక్కడ పచ్చడి. కింద ఇంకో ఎనిమిది మంది ఆడవాళ్లు పనిచేస్తారు. మూడొంతుల సరుకులో రెండొంతులు వంతెన దాటి వెళ్తేనే అందరికీ జీతాలు, అందరికీ వీసాలు.

అబూ ఖలీల్ తనకి వచ్చిన హిందీలో సూటిగా చెప్పేశాడు. "ప్రసన్నా, ఈ నెలాఖరు దాకా చూస్తాను. బండి వంతెన దాటిందా, సరే. లేకపోతే ఖలాస్. ఎవరి టికెట్టు వాళ్లకి నేనే కొనిస్తాను."

ఆయన వెళ్లాక లోవమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏటమ్మగోరూ, ఉప్పు తగ్గించమంటన్నారా? తగ్గిస్తే బూజట్టేస్తాది. నిరుడు మీరు సెప్తే రెండు డ్రమ్ములు తగ్గించి ఎట్టాం గదా, ఏటయ్యింది? కుక్క ముట్టలేదు. పోనీ ఆ పుల్లటి ఎనిగరేదో పోద్దామా అంటే, అదింక ఆవకాయెలా అవుతాదమ్మా, మందవుతాది గానీ."

"ఉప్పు తగ్గించక్కర్లేదు లోవమ్మా. హరితో మాట్లాడతాను. వాడు చూసుకుంటాడు."

"అబ్బాయిగోరు ఉన్నారు గదా, ఇంకేటి!" అంది లోవమ్మ, మొహం విప్పారి.

హరికిరణ్ ఉన్నాడన్న ధైర్యం లోవమ్మకే కాదు, లక్ష్మిప్రసన్నకీ అంతే ఉంది. తొమ్మిదేళ్ల కిందట హైదరాబాద్ నుంచి వచ్చి, చేరిన రెండో నెలకే ఉద్యోగం ఊడి, మనామాలో మంచం అద్దె కట్టలేక గుడి మెట్ల దగ్గర కూర్చున్న కుర్రాణ్ణి లక్ష్మిప్రసన్న భర్త భీమరాజు ఇంటికి తీసుకొచ్చాడు. ఏడు నెలలు వాళ్ల హాల్లోనే పడుకున్నాడు. అక్కా అని పిలిచాడు. తమ్ముడు లేని మనిషికి ఆ పిలుపు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. సీఫ్‌లో ఒక పెద్ద ఆహార కంపెనీలో లైసెన్సులు, అనుమతులు చూసే ఉద్యోగం కూడా తనకి తెలిసినవాళ్లతో చెప్పి ఆవిడే ఇప్పించింది. వాడు తెలివైనవాడు. చకచకా పైకెళ్లాడు. రెండేళ్ల కిందట కూటమిలో పచ్చళ్ల ఉపసంఘం వేసినప్పుడు, బహ్రెయిన్ తరఫున కూర్చునే వ్యాపార ప్రతినిధిగా వాణ్ణే ఎంచారు.

ఆ రోజు వాడు ఫోన్ చేసి ఏమన్నాడో ఆవిడకి ఇంకా గుర్తే. "అక్కా, మన దేశం తరఫున నేనే!" మన దేశమట. ఆవిడ నవ్వింది, గర్వపడింది కూడా. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటే కదా అని అందరితో చెప్పుకుంది.

పోయిన వేసవిలో వాడే వచ్చాడు. "అక్కా, పెద్ద దేశాలు ఉప్పు మీద పట్టుబడుతున్నాయి. తొమ్మిది శాతం అంటున్నాయి. మనది చిన్న దేశం, ఉత్త మాటలు చెబితే వినరు. నీ లెక్కలు ఇవ్వు. అడ్డం పడతాను," అన్నాడు. ఆవిడ పది రోజులు కూర్చుని పన్నెండు డ్రమ్ముల నుంచి నమూనాలు తీసింది. పచ్చడి పెట్టిన మూడో రోజున తిరగకలుపుతారు కదా. అంతవరకూ నూనె పైకి తేలి, ఉప్పూ ఊటా అడుక్కి దిగి ఉంటాయి. పైన తీసి చూస్తే ఉప్పు ఎనిమిదికి అటూ ఇటూ చూపిస్తుంది. అడుగునుంచి కలిపి చూస్తే అసలు సంగతి, పదమూడు. పైపైన చూసి ఎవరూ మోసపోకూడదని, చాదస్తం కొద్దీ ఆవిడ రెండూ కొలిచి రెండు వరుసల్లో రాసింది. శీర్షికలు తెలుగులోనే పెట్టింది: కలపకముందు, కలిపాక. చదివేవాడు హరి. తెలుగువాడికి ఆవకాయ గురించి అంతకంటే విప్పి చెప్పాలా?

జనవరిలో రూలు ఖాయమైంది. వాడు ఫోన్లో దాదాపు ఏడ్చాడు. "చివరిదాకా కొట్లాడాను అక్కా. ఐదుగురు ఒకటైతే ఒక్కణ్ణి ఏం చేస్తాను? కూటమి కదా. పాత సరుకుకి ఆర్నెల్లు గడువు మాత్రం ఇప్పించాను." ఆవిడే వాణ్ణి ఊరడించింది. పోన్లేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావంది. అంతటితో ఆగక, పదకొండో డ్రమ్ములోంచి ఒక జాడీ నింపి, మూతకి గుడ్డ కట్టి యాదగిరి చేత పంపించింది. పదకొండో డ్రమ్ము అంటే లోవమ్మ చేతి డ్రమ్ము. అమ్మకానికి కాదు, అయినవాళ్లకి.

బండి వెనక్కి వచ్చిన మర్నాడు, బుధవారం, లక్ష్మిప్రసన్న మనామాలో ఆ రూళ్లు చూసే ఆఫీసుకి వెళ్లింది. గడువు సంగతి అడుగుదామని, వీలైతే మొరపెట్టుకుందామని. అక్కడి అధికారిణి మర్యం, నలభై ఏళ్లావిడ, పేరు వినగానే కుర్చీలోంచి లేచి నిలబడింది.

"లక్ష్మిప్రసన్న మీరేనా? మిమ్మల్ని కలవాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మా దేశం మీకు రుణపడి ఉంది."

లక్ష్మిప్రసన్న తెల్లమొహం వేసింది.

మర్యం ఉత్సాహంగా ఫైలు తీసింది. "కూటమిలో మేం ఎప్పుడూ పెద్ద దేశాలు రాసినదాని మీద సంతకం పెట్టేవాళ్లమే. ఇన్నేళ్లలో మొదటిసారి మా కాగితాన్ని ఒక్క అక్షరం మార్చకుండా మిగతా ఐదు దేశాలూ ఒప్పుకున్నాయి. తొమ్మిది శాతం అన్న అంకె మాదే. మీ లెక్కల పుణ్యమే."

"మీదా?" అంది లక్ష్మిప్రసన్న. "అంటే బహ్రెయిన్‌దా?"

"మాదే. నిజానికి మిగతావాళ్లు పద్నాలుగు దాకా పరవాలేదన్నారు. మా ప్రతినిధి హరికిరణ్ గారే పట్టుబట్టారు. సంప్రదాయ పద్ధతిలో పెట్టిన ఆవకాయకే ఎనిమిది శాతం చాలుతున్నప్పుడు పద్నాలుగు ఎందుకని వాదించారు. ఇదిగో, మీ పట్టిక. కింద మీ పేరు కూడా ఆయనే వేయించారు."

పన్నెండు అంకెలు ఒకే వరుసలో ఉన్నాయి. ఎనిమిది పాయింట్ ఒకటి. ఏడు పాయింట్ తొమ్మిది. పదకొండో అంకె ఆరు పాయింట్ మూడు. లోవమ్మ చేయి ధారాళమై ఆ డ్రమ్ములో నూనె రెండుసార్లు పోసింది. అందుకే పైన ఉప్పు అంత తక్కువ తగిలింది. పైన ఇంగ్లిషులో 'ఆవకాయలో ఉప్పు శాతం' అని ఒకే శీర్షిక ఉంది. రెండో వరుస లేదు. ఆర్నెల్ల గడువు మాటా ఎక్కడా లేదు. కింద సాంకేతిక సమాచారం అందించినవారు అని రాసి, ఆవిడ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా వేశారు.

ఆ రూలు బయల్దేరింది ఇక్కడి నుంచే, తన బల్ల మీద నుంచే. ఆరు దేశాలు తిరిగి, చట్టమై వచ్చి, తన బండినే వంతెన మీద ఆపింది. తన అంకెలే. తన పేరే. ఇంతకాలం ఎవరో పెద్ద దేశాలవాళ్లని తిట్టుకుంది!

"మేడం, ఇందులో తప్పుంది," అంది. నూనె, ఊట, మూడో రోజు, తిరగకలపడం, అన్నీ చెప్పింది. మర్యం శ్రద్ధగా వింది. మొహంలో వెలుగు మెల్లిగా తగ్గింది.

"అయ్యో. మాకు ఈ సంగతి ఎలా తెలుస్తుంది? ఆరు దేశాల్లో ఆ గదిలో ఎవరికీ తెలియదు." ఫైలు చివరి పేజీ తిప్పింది. "ఒక దారి ఉంది. లెక్క ఇచ్చిన దేశమే తప్పు దిద్దుకుంటానంటే కూటమి మళ్లీ తెరుస్తుంది. కానీ మేం పంపాలంటే ఆ లెక్క దాఖలు చేసిన ప్రతినిధి సంతకం ఉండాలి. మీ సంతకం చెల్లదు. ఆదివారం సమావేశం ఉంది. ఆలోపు ఆయన ఒక్క సంతకం పెట్టి తెస్తే, అమలు ఆపమని నేనే రాస్తాను. అది దాటితే మూడేళ్ల దాకా ఎవరూ ముట్టుకోరు."

సవరణ ఉత్తరం అప్పటికప్పుడు మర్యమే టైపు చేయించి ఇచ్చింది. కింద సంతకానికి ఒక గీత గీసి ఉంది.

బస్సులో తుబ్లీకి తిరిగొస్తూ ఆవిడ దారంతా వాడి తరఫున తనతో తానే వాదించుకుంది. కావాలని చేసి ఉండడు. హడావిడిలో ఒక వరుస ఎక్కించి ఉంటాడు. పట్టుబట్టాడంటే, ఆ తప్పు లెక్క నిజమని నమ్మే పట్టుబట్టి ఉంటాడు. మరి నాతో కొట్లాడానని ఎందుకు చెప్పాడు? భయపడి ఉంటాడు, వెధవ. నాకు మొహం చూపించలేక అబద్ధమాడి ఉంటాడు. తమ్ముళ్లు ఆడరూ?

ఫోన్ చేస్తే వాడే ఎగిరి గంతేసినంత పనిచేశాడు. "అక్కా! నేనే చేద్దామనుకుంటున్నా. శుక్రవారం భోజనానికి రా. నీకో మంచి మాట చెప్పాలి. శరణ్య నీకిష్టమని గుత్తివంకాయ చేస్తోంది."

శుక్రవారం ఆవిడ ఒక్కతే వెళ్లింది. భీమరాజుకి డ్యూటీ. సీఫ్‌లో పద్దెనిమిదో అంతస్తు, కిటికీలోంచి సముద్రం. హరి భార్య శరణ్య గుమ్మంలోనే చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. ఆ పిల్లకి ఏ కల్మషమూ లేదు. "వదినా, చెప్పారా మీ తమ్ముడు? రీజినల్ మేనేజర్ అయ్యారు. ఆరు దేశాలకీ ఈయనే! వాళ్ల కంపెనీ తక్కువ ఉప్పు పచ్చళ్లు ఇప్పుడు అన్ని దేశాల్లోకీ వెళ్తున్నాయి కదా, అందుకని."

లక్ష్మిప్రసన్న సోఫాలో కూర్చుంది. అయినా మనసు ఒప్పుకోలేదు. మనసు అంత తేలిగ్గా ఒప్పుకునేదైతే మనిషికి ఇన్ని బాధలెందుకు? బ్యాగులోంచి ఉత్తరం తీసి హరి చేతికిచ్చింది.

"మర్యం గారి దగ్గరికి వెళ్లాను. అంతా చూశాను. నువ్వెందుకు అబద్ధం చెప్పావని అడగను. సంతకం పెట్టు, చాలు."

హరి చదివాడు. పాలిపోయాడు. తరవాత తల పట్టుకున్నాడు. "అక్కా, నన్ను క్షమించు. పెద్ద పొరపాటైపోయింది. నువ్వు కలపకముందు, కలిపాక అని రెండు వరుసలు రాశావు. నాకేం తెలుసు? పచ్చడి ఎలా పెడతారో నేనెప్పుడైనా చూశానా, తినడమే కదా! కలిపితే ఉప్పు మారుతుందని నాకెలా తెలుస్తుంది? రెండోసారి టెస్టు చేస్తే ఏదో తేడా వచ్చిందనుకుని మొదటిదే ఎక్కించా. అంతా అయిపోయాక తెలిసింది, తప్పు జరిగిందని. నీకు చెప్పడానికి నోరు రాలేదు. అమ్మతోడు అక్కా."

అబ్బ, ఎంత హాయిగా అనిపించిందో ఆవిడకి! మూడు రోజులుగా గుండె మీద కూర్చున్న బండ దిగిపోయింది. తను అనుకున్నదే. పొరపాటే. నిజమే కదా, వాడు తమ ఇంట్లో ఉన్న ఆ ఏడు నెలలూ మామిడికాయల కాలం కాదు, పచ్చడి పెట్టగా వాడు చూసింది లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. "పిచ్చి వెధవా, ముందే చెప్పొచ్చు కదరా," అంది.

"పెడతాను అక్కా. కాకపోతే ఆరు దేశాల ముందు మన దేశం పరువు, మా కంపెనీ... ఎలా రాయాలో చూసి పెడతాను. ముందు భోంచెయ్."

ముగ్గురూ కూర్చున్నారు. శరణ్య వేడి వేడి అన్నం వడ్డించింది, నెయ్యి వేసింది. "ఆగండి వదినా, మీ జాడీ ఇవాళే తీస్తున్నాం. మీరొచ్చినప్పుడు తీద్దామన్నారు ఈయన," అంటూ లోపల్నుంచి జాడీ తెచ్చింది. జనవరిలో ఆవిడ పంపిందే. మూతకి కట్టిన గుడ్డ, ఆవిడ వేసిన ముడి, అలాగే ఉన్నాయి. శరణ్య ముడి విప్పి, చెంచాతో పైన తేలిన ఎర్రటి నూనెలోంచి రెండు ముక్కలు తీయబోయింది.

"పైపైన తీయకు శరణ్యా," అన్నాడు హరి, వంకాయ కలుపుకుంటూ, తలెత్తకుండానే. "పైన అంతా నూనే, ఉప్పు తెలీదు. అడుగునుంచి కలిపి తియ్."

లక్ష్మిప్రసన్న చెయ్యి అన్నంలో ఆగిపోయింది.

ఆ మాట ఆవిడదే. ఏడు నెలలు, రోజుకి రెండుపూటలు, ఆ హాల్లో పీట వేసుకుని కూర్చున్న కుర్రాడికి తనే చెప్పిన మాట. పైపైన తీసుకోకురా హరీ, పైన అంతా నూనే, ఉప్పు తెలీదు, అడుగునుంచి కలిపి తీసుకో. చెప్పానని కూడా మరిచిపోయింది. వాడు మరవలేదు. ఆరు దేశాల వాళ్లు కూర్చున్న ఆ గదిలో ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే ఉన్నాడు. వాడికి నేర్పింది తను.

హరి తలెత్తాడు. ఆవిడ మొహం చూశాడు. తనేం అన్నాడో అప్పుడు తెలిసింది వాడికి. శరణ్య ఒక్కతే ఏమీ తెలియక, భర్త చెప్పినట్టు, జాడీలో చెంచా అడుగుదాకా దింపి బుద్ధిగా కలుపుతోంది.

"తెలుసన్నమాట," అంది లక్ష్మిప్రసన్న.

"అక్కా..."

"నీకు తెలుసు. తెలిసే మొదటి వరుస ఎక్కించావు. నా కంచంలో తింటూ నేర్చుకున్నదాంతో నా వాళ్ల కూడు తీశావు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే ఇదేరా. మా ఊళ్లో అంటుంటే సామెత అనుకునేదాన్ని."

హరి లేచి నిలబడ్డాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడేమో, గొంతు మారిపోయింది. "అక్కా, నేను కాకపోతే ఇంకో దేశం వాడు చేసేవాడు. ఎప్పటికైనా ఉప్పు తగ్గించక తప్పదు. తుబ్లీ వర్క్‌షాపు ఇంకెన్నాళ్లు నడుస్తుంది చెప్పు? నీ గురించి ఆలోచించకుండా ఉన్నానా? మా కంపెనీలో క్వాలిటీ హెడ్ పోస్టు నీకోసమే ఆపాను. నీకిప్పుడొచ్చే దానికి రెట్టింపు. ఇవాళ నీకు చెప్దామనుకున్న మంచి మాట అదే."

"లోవమ్మకి ఏ పోస్టు ఆపావు?"

వాడు తన ఎంగిలి చేతి వంక చూసుకున్నాడు.

"ఆ పట్టిక కింద నీ పేరు వేసుకోలేదు. నా పేరు వేయించావు. రేపు ఆ ఎనిమిది మందీ నా మొహం చూసి అడిగితే, కాగితం మీద నా పేరే ఉంది. ఏడుపు కూడా నాకు మిగల్చలేదు కదరా నువ్వు."

"వదినా, ఏమైంది? ఏమండీ, ఏమైంది?" అంటోంది శరణ్య, ఒకరి మొహం తరవాత ఒకరి మొహం చూస్తూ. లక్ష్మిప్రసన్న ఎడమచేత్తో ఆ పిల్ల బుగ్గ నిమిరింది. అన్నం వదిలేసి లేచి చేయి కడుక్కుంది. ఉత్తరం ఇంకా బల్ల మీదే ఉంది, గీత మీద ఏమీ లేకుండా. ఆఖరి ఆశ కొద్దీ దాన్ని వాడివైపు జరిపి, పెన్ను పక్కన పెట్టి, నిలబడింది. వాడు పెన్ను వంక చూశాడు. ఆ చూపు కిటికీ మీదికి పోయింది. ఆవిడ ఉత్తరం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు. టాక్సీలో కూర్చున్నాక ఆవిడకి కోపం రాలేదు. సిగ్గేసింది. ఇందాక ఆ అబద్ధం విని ఎంత సంతోషపడింది! పిచ్చి వెధవా అని ముద్దు చేసింది కదా వాణ్ణి! అది తలుచుకుని తలుచుకుని ఏడ్చింది. పాకిస్తానీ డ్రైవర్ అద్దంలో చూసి, ఏమీ అడక్కుండా రేడియో కట్టేశాడు.

ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు. తుబ్లీకి పోనిమ్మంది. శుక్రవారం వర్క్‌షాపు మూసి ఉండాలి, కానీ షట్టరు సగం లేచి ఉంది. లోపల లోవమ్మ ఒక్కతే ఉంది. మంగళవారం బండి వెనక్కి వచ్చాక కూడా, బుధవారం పొద్దున్నే దిగిన కాయలు పాడవుతాయని ముక్కలు కొట్టించి నాలుగు డ్రమ్ములు పెట్టేసింది. ఇవాళ మూడో రోజు. సెలవైతే ఏం, కలపాలి. మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, పెద్ద తెడ్డుతో మొదటి డ్రమ్ము కలుపుతోంది.

"వచ్చేసేరా అమ్మా! సంతకం ఎట్టేరా అబ్బాయిగోరు?" అంది చెయ్యి ఆపకుండా. "ఇదుగో, ఈ డ్రమ్ములో మొదటి జాడీ ఆరికే తీసెడతానని మొక్కుకున్నానమ్మా. ఎనిమిది మందికీ కూడెట్టినోరవుతారు గదా."

లక్ష్మిప్రసన్న స్టూలు మీద కూలబడింది. చెప్పక తప్పలేదు. మొత్తం చెప్పింది, ఆ ఒక్క వరుస, తన పేరు, జాడీ, అన్నీ.

లోవమ్మకి ఆరు దేశాల సంగతి సగమే అర్థమైంది. "తెలీక సేసుంటారమ్మా. కుర్రోరు. ఆరికేటి తెలుసు, పచ్చడి సంగతి."

"తెలుసు లోవమ్మా. అడుగునుంచి కలపాలని నాతోనే చెప్పాడు."

లోవమ్మ తెడ్డు ఆపింది. నూనె కింద నుంచి ఊట తెల్లటి బుడగలుగా పైకొచ్చింది.

"మరైతే ఇదెవరి కోసం కలుపుతున్నట్టమ్మా నేను?"

లక్ష్మిప్రసన్న లేచి చేతులు కడుక్కుంది, తొడుగులు వేసుకుంది, గోడకి ఆనించిన రెండో తెడ్డు తీసుకుని పక్క డ్రమ్ము మూత తీసింది. మూడో రోజు కలపకుండా వదిలేయడం ఆ ఇద్దరిలో ఎవరికీ చేతకాదు. ఇంకో మూడు వారాల్లో ఇద్దరూ ఈ గది తాళం అబూ ఖలీల్‌కి ఇచ్చేస్తారు. తెడ్డు అడుగుదాకా దింపి కలపడం మొదలుపెట్టింది.